కల్నల్ సంతోష్‌బాబు చౌరస్తా

మన నాందేడ్ నుంచి దెగ్లూర్ మీదుగా దక్షిణానికి సాగే 161వ నంబరు జాతీయ రహదారి మద్నూరు వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. సంగారెడ్డి దగ్గర అది 65వ నంబరు రహదారిని కలుస్తుంది. ఆ రహదారి పూణెలో బయలుదేరి సోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరుతుంది. ఈ బాటతో ముడిపడిన ఒక సైనికుని కథ ఇది.

బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేటవారు. విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలలో ఆరవ తరగతిలో చేరారు. ఆ తరువాత పూణె దగ్గరి ఖడక్‌వాస్లాలో జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ పొందారు. చిత్రమేమంటే, ఆయన సైనికవిద్య నేర్చిన చోటునూ, ఆయన సొంత ఊరినీ కలిపేది ఆ 65వ నంబరు రహదారే! 2004లో సైన్యంలో అధికారి అయ్యారు. బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు నాయకత్వం వహిస్తూ లద్దాఖ్‌లోని గల్వాన్ లోయకు వెళ్లారు.

అక్కడ సరిహద్దు వద్ద ఇరుపక్షాలూ వెనక్కు తగ్గాలని చర్చల్లో అనుకున్నారు. ఆ మాట అమలవుతున్నదో లేదో చూడబోయినపుడు 2020 జూన్ 15 రాత్రి చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. తుపాకులు పేలలేదు. రాళ్లతో, ఇనుప కడ్డీలతో పోరు సాగింది. చలి, చీకటి, కింద మంచునీటి ప్రవాహం. సంతోష్‌బాబుతో కలిపి మన సైనికులు 20 మంది అమరులయ్యారు. ఆయన వయస్సు 37 ఏళ్లే.

జూన్ 17 రాత్రి ఆయన భౌతికకాయం విమానంలో హకీంపేటకు చేరింది. అక్కడి నుంచి సూర్యాపేటకు రోడ్డు మీదనే తెచ్చారు. అవి కరోనా రోజులు, గుమిగూడరాదన్న ఆంక్షలున్న రోజులు. అయినా జనం దారి పక్కన నిలబడి చూశారు. మరునాడు ఊరి దగ్గరి కేసారంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ప్రభుత్వం ఆయనకు మహావీరచక్ర ప్రకటించింది.

సరిగ్గా ఏడాదికి, 2021 జూన్ 15న, సూర్యాపేట కోర్టు చౌరస్తాలో ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించి, ఆ కూడలికి ఆయన పేరు పెట్టారు. మనం చౌక్ అనేదాన్నే అక్కడ చౌరస్తా అంటారు.

పేరు పెట్టడం తేలిక, నాలుక మీద నిలపడమే కష్టం. ముంబయిలో హుతాత్మా చౌక్‌ను నేటికీ ఫ్లోరా ఫౌంటెన్ అనేవారున్నారు. అది తప్పని అనలేం, అలవాటు అలాంటిది. బోర్డు పేరు మాత్రమే చెబుతుంది. ఆయన ఎవరో, ఏం చేశారో పక్కనున్నవారే చెప్పాలి. గల్వాన్‌లో ఒరిగిన తక్కిన 19 మంది పేర్లు మనలో ఎందరు చెప్పగలరు?

మీ వీధికిగాని, ఊరి చౌక్‌కుగాని ఆ పేరు ఎందుకు వచ్చిందో ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకోండి. పాత పేరు కూడా అడిగి, రెండింటినీ మీ నోటుపుస్తకంలో రాయండి.