కణంలో కపిల బాన

కడుపు నిండా తిన్నవారికి కూడా పోషకాహార లోపం వస్తుందా? వస్తుంది! దక్కను పీఠభూమిలో జొన్నే ప్రధానాహారంగా బతికిన పేదలలో ఒకప్పుడు పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. మెడ, ముంజేతులు, పాదాలు - ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకొనేవి. వ్యాధి ముదిరితే మతి చలించేది. దీనికి కారణం వెతుకుతూ వెళితే ఒక చిన్న అణువు దగ్గరకు చేరతాం. దాని పేరు ఎన్.ఏ.డి. పూర్తి పేరు నికోటినమైడ్ అడినైన్ డైన్యూక్లియోటైడ్.

సహఎంజైము అంటే?

1906లో ఇంగ్లండులో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ అనే శాస్త్రజ్ఞులు ఈస్టు రసాన్ని జెలటిన్ వడపోత గుండా పంపారు. పెద్ద అణువులు పైన నిలిచాయి, చిన్నవి కిందికి దిగాయి. విడివిడిగా ఏ భాగమూ చక్కెరను పులియబెట్టలేదు. రెండూ కలిపితే పులిసింది. కిందికి దిగిన భాగాన్ని మరిగించి కలిపినా పులిసింది! మరిగిస్తే ఎంజైములు చెడిపోతాయి కదా? కాబట్టి అందులో ఉన్నది ఎంజైము కాదు, ఎంజైముకు తోడుపడే వేరే పదార్థం. అదే సహఎంజైము. దానిలో ముఖ్యమైనది ఎన్.ఏ.డి. అని తరువాత తెలిసింది.

అది చేసే పని

కపిల బాన బావిలోకి దిగి, నీళ్ళు నింపుకొని, పైకి వచ్చి కాలువలో పోసి, మళ్ళీ దిగుతుంది. ఎన్.ఏ.డి. కూడా అంతే. గ్లూకోజు వంటి ఆహార పదార్థాల నుంచి హైడ్రోజన్‌ను అందుకొంటుంది, ఇచ్చివేస్తుంది, మళ్ళీ వస్తుంది. ఈ సంగతిని 1936లో ఆటో వార్‌బర్గ్ వివరించాడు. ఆ హైడ్రోజన్ చివరకు మైటోకాండ్రియాలలో ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. అప్పుడు వెలువడే శక్తి ఏ.టి.పి.గా నిలవ అవుతుంది. 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

జొన్నతో చిక్కు ఏమిటి?

ఎన్.ఏ.డి. తయారీకి నియాసిన్ అనే విటమిన్ కావాలి. 1937లో ఎల్వెజెమ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పెల్లాగ్రా వంటి వ్యాధి సోకిన కుక్కలను దీనితో నయం చేశాడు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా మన శరీరం ఈ అవసరాన్ని కొంత తీర్చుకొంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ 1 మిల్లీగ్రాము నియాసిన్‌కు సమానం. జొన్నలో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువ. అది ఈ మార్పుకు అడ్డు తగులుతుందని 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. దీనిపై తరువాత వాదాలు నడిచాయి. అయితే ఒకే ధాన్యం మీద ఆధారపడరాదన్న పాఠం మాత్రం నిలిచింది.

జొన్నను మానవలసిన పని లేదు, తోడు చేర్చుకోవాలి. తలుపుల, కదిరి ప్రాంతాల మెట్ట చేలలో పండే చెనక్కాయలు 100 గ్రాములు తింటే సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ లభిస్తుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 14 నుంచి 16 మిల్లీగ్రాములు. సంగటిలోకి ఊరుబిండి నంజుకోవడంలో ఎంత మేలుందో చూశారా!

ముసలితనానికి సంబంధం ఉందా?

హైడ్రోజన్ మోసేటప్పుడు ఎన్.ఏ.డి. ఖర్చు కాదు. కాని డి.ఎన్.ఏ.ను మరమ్మతు చేసే కొన్ని ఎంజైములు, సర్టూయిన్లు అనే ఎంజైములు దానిని ముక్కలు చేసి వాడుకొంటాయి. బాన పగిలితే కొత్తది చేయాలి కదా! ఈస్టులోని ఒక సర్టూయిన్‌కు ఎన్.ఏ.డి. తప్పనిసరి అని 2000లో ఇమాయ్, గ్వారెంటే బృందం చూపింది. వయసు పెరిగేకొద్దీ పలు ధాతువులలో ఎన్.ఏ.డి. తగ్గుతున్నట్లు పరిశోధనలు తెలిపాయి. దానిని పెంచే పదార్థాలు ముసలి ఎలుకలకు కొంత మేలు చేశాయి. మనుషులలో అవి రక్తంలోని ఎన్.ఏ.డి.ని పెంచాయి, కాని ఆయుష్షు పెంచినట్లు రుజువు లేదు. ప్రకటనలు చూసి మాత్రలు కొనేవారికి ఈ తేడా చెప్పండి.

ఆలోచించండి: హార్డెన్ రెండు భాగాలనూ మరిగించి కలిపి ఉంటే చక్కెర పులిసేదా? ఎందుకు?