హుజూరాబాద్ విత్తన క్షేత్రాల సమాచారం: క్లౌడ్ డేటా లేక్‌లో నిర్వహణ, భద్రత, విశ్లేషణ

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ ఆయకట్టులోని హుజూరాబాద్ ప్రాంతం హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికి పేరుగాంచినది. దేశంలో తయారయ్యే హైబ్రిడ్ వరి విత్తనంలో అధిక భాగం ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల నుండే వస్తున్నది. రైతు విత్తన సంస్థతో నేరుగానో, ఆర్గనైజర్ ద్వారానో ఒప్పందం కుదుర్చుకొని యాసంగిలో పంట వేస్తాడు. పంట అప్పగించినంత మాత్రాన లెక్క తేలదు. ధ్రువీకృత విత్తనానికి మొలక శాతం కనీసం 80 ఉండాలి. నమూనాను పొలంలో పెంచి జన్యు స్వచ్ఛతను చూసే గ్రో అవుట్ పరీక్షకు మరికొన్ని నెలలు పడుతుంది. ఆ ఫలితం పైననే లాట్ అంగీకారమో తిరస్కారమో ఆధారపడుతుంది. కనుక ఒక మడికి సంబంధించిన సమాచారం సరిగా నిలిచి ఉండటం రైతు ఆదాయానికి సంబంధించిన విషయం.

ఈ సమాచారం ఒకే రూపంలో ఉండదు. ఒప్పంద పత్రం కాగితం. ఆడ, మగ వరుసలు నాటిన తేదీలు క్షేత్ర సహాయకుని నోటుబుక్కులో. కల్తీ మొక్కల ఏరివేత తనిఖీలు ఫోన్ ఫోటోలుగా. తూకం, తేమ శాతం శుద్ధి కర్మాగారపు యంత్రాల నుండి. మొలక ఫలితం ప్రయోగశాల ఎక్సెల్ పట్టికలో. సంప్రదాయ డేటా వేర్‌హౌస్‌లో ముందుగా పట్టిక రూపం నిర్ణయించి, దానికి సరిపడే సమాచారాన్నే లోనికి తీసుకుంటారు. అన్నింటినీ వచ్చిన రూపంలోనే నిల్వ చేసి, చదివే సమయంలో రూపం ఇచ్చుకునే పద్ధతికి 2010లో జేమ్స్ డిక్సన్ ‘డేటా లేక్’ అని పేరు పెట్టారు. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ క్లౌడ్‌లలో నిల్వ స్థలం చౌకగా లభించడంతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. 2022 నవంబరులో అమెజాన్ తన డేటా కేంద్రాల సముదాయాన్ని హైదరాబాద్‌లో ప్రారంభించినందున సమాచారాన్ని రాష్ట్రంలోనే ఉంచుకొనే వీలు కూడా కలిగింది.

అయితే చెరువు ఉంటే చాలదు, తూము ఉండాలి. ఏ ఫైలులో ఏమున్నదో, ఏ కొలమానంలో ఉన్నదో, ఎవరు ఎప్పుడు నింపారో తెలిపే పట్టీ లేని డేటా లేక్ రెండు మూడు పంటకాలాలలోనే ఎవరికీ పనికిరాని మడుగు అవుతుంది.

ఇందుకు విస్తీర్ణం మంచి ఉదాహరణ. తెలంగాణ రెవెన్యూ రికార్డులలో 2.20 అని ఉంటే రెండు ఎకరాల ఇరవై గుంటలని అర్థం. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. కంప్యూటర్ మాత్రం దీనిని దశాంశంగా చదివి 2.2 ఎకరాలుగా లెక్కిస్తుంది. ఆ మడిలో 20 క్వింటాళ్ల విత్తనం వచ్చిందనుకుంటే అసలు దిగుబడి ఎకరానికి 8 క్వింటాళ్లు. తప్పుడు లెక్కలో 9.09 క్వింటాళ్లు. కూడికలోనూ ఇదే చిక్కు. 1.30, 1.20 విస్తీర్ణాల మొత్తం 3 ఎకరాల 10 గుంటలు కాగా, యంత్రం 2.50 అంటుంది. పొరపాటు అన్ని మడులలో ఒకే పాళ్లలో ఉండదు. గుంటలు లేని విస్తీర్ణాలకు అసలే ఉండదు. అందువలన చివరలో ఒక గుణకంతో సరిదిద్దటం సాధ్యం కాదు. ముడి విభాగంలో రికార్డులోని అంకెను యథాతథంగా ఉంచి, శుద్ధి విభాగంలో మొత్తం గుంటలుగా మార్చి, ఆ మార్పు నియమాన్ని పట్టీలో నమోదు చేయటమే సరైన మార్గం.

రైతు గుర్తింపు ఇంతకన్నా సున్నితమైన అంశం. 2018 మే 10న హుజూరాబాద్ మండలంలోనే ప్రారంభమైన రైతుబంధు పథకం పట్టాదారు పాస్‌పుస్తకం ఆధారంగా నడిచింది. కౌలు రైతులకు అది వర్తించలేదు. భూయజమానికి సాయం అందించే పథకానికి ఆ సంఖ్య సరిపోయింది. విత్తనోత్పత్తి సమాచారంలో అదే సంఖ్యను రైతు గుర్తింపుగా తీసుకుంటే మడి దున్నిన కౌలుదారు లెక్కలోనే కనిపించడు; అతని శ్రమ ఫలితం యజమాని పేరున చేరుతుంది. లాట్ తిరస్కరణకు గురైతే ప్రశ్నించే ఆధారం కూడా అతనికి మిగలదు. సాగుదారు, మడి, పంటకాలం ఈ మూడింటికి వేర్వేరు సంకేతాలు ఇచ్చి, పట్టాదారు వివరాన్ని మడికి జోడించటం మేలు.

భద్రత అనగానే బయటి దొంగతనమే గుర్తుకు వస్తుంది కానీ లోపలి చూపు కూడా అంతే ముఖ్యం. ఒక రైతు తీసుకున్న అడ్వాన్సు, బాకీ, దిగుబడి ఇతరులకు తెలిస్తే తరువాతి ఒప్పందంలో అతని బేరశక్తి తగ్గుతుంది. క్షేత్ర సహాయకునికి తన గ్రామాల వరుసలే కనిపించాలి. ప్రయోగశాలకు లాట్ సంకేతం తప్ప రైతు పేరు అక్కరలేదు. పరీక్ష నిష్పక్షపాతానికీ ఇది అవసరమే. ఆధార్ ప్రతులను డేటా లేక్‌లో చేర్చకపోవటమే మంచిది. నిల్వలో, ప్రయాణంలో సమాచారం సంకేతీకరింపబడి ఉండాలి. దాని తాళాలు విశ్లేషకుల చేతిలో ఉండరాదు. నిల్వ పాత్రకు బహిరంగ ప్రవేశం మూసి ఉన్నదో లేదో ప్రతి పంటకాలం ఆరంభంలో సరిచూడాలి.

క్లౌడ్ నిల్వలో ఒకసారి వ్రాసిన ఫైలును నిర్ణీత కాలం ఎవరూ చెరపకుండా బిగించే సౌకర్యం ఉన్నది. మొలక ఫలితాలకు దీనిని తప్పక వాడాలి. సవరణ అవసరమైతే పాతది ఉండగానే కొత్త నమోదు, సవరించినవారి పేరు, తేదీ చేరుతాయి. వివాదం వచ్చినప్పుడు సంస్థకూ రైతుకూ ఉమ్మడి సాక్ష్యం అదే.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అదే రోజున హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, భారతీయ విజ్ఞాన సంస్థల భాగస్వామ్యంలో వ్యవసాయ సమాచార మార్పిడి వేదిక అడెక్స్ ఆరంభమైంది; ఖమ్మం జిల్లా దాని తొలి దశ క్షేత్రం. ఒకటి సమాచారాన్ని కాపాడమంటుంది, మరొకటి పంచుకొమ్మంటుంది. రెండింటినీ కలిపేది సమ్మతి. అది ఒప్పంద పత్రంలో చివరి వాక్యంగా కాక, ఏ సమాచారం ఎవరికి ఎందుకు చేరుతుందో తెలుగులో చెప్పి తీసుకోవలసినది.

విశ్లేషణకు వచ్చేసరికి ఫైళ్లను సంవత్సరం, పంటకాలం, మండలం వారీగా విభజించి, పార్కే వంటి నిలువు వరుసల రూపంలో ఉంచితే అవసరమైన భాగాన్నే చదవవచ్చు. చదివిన పరిమాణాన్ని బట్టి రుసుము వేసే సేవలలో ఖర్చు తగ్గుతుంది. హైబ్రిడ్ ధ్రువీకృత విత్తన క్షేత్రానికి నిర్దేశించిన 100 మీటర్ల వేర్పాటు దూరం తగ్గిన చోట జన్యు స్వచ్ఛత ఎంత పడిపోయిందన్నది ఇటువంటి సమాచారంతో పరిశీలించదగిన ప్రశ్న. కానీ తనిఖీలో తిరస్కరించిన మడులను రికార్డు నుండి తొలగించటం అలవాటైన చోట దీనికి జవాబు దొరకదు. మిగిలినవన్నీ ఉత్తీర్ణమైన మడులే కాబట్టి దూరానికీ స్వచ్ఛతకూ సంబంధమే లేదన్న భ్రమ కలుగుతుంది. తిరస్కృత మడి వివరం, తిరస్కరణ కారణం కూడా నిల్వలో ఉండాలి. ఫలితాలను ప్రకటించేటప్పుడు ఇంకొక జాగ్రత్త: గ్రామంలో ఆ రకం వేసిన రైతు ఒక్కడే అయితే గ్రామ సగటు అతని సొంత దిగుబడే. అటువంటి చోట్ల మండల సగటునే ఇవ్వాలి.