పుప్పిగోరు: పైకి ఒకటే, లోపల వేరు

ఎవరి గోరైనా పసుపురంగుకు తిరిగి, మందమెక్కి, పొడిపొడిగా రాలిపోవడం మీరు చూచే ఉంటారు. దాన్ని పుప్పిగోరు అంటారు. "బూజు పట్టింది, ఏదైనా పూతమందు రాయి" అని సలహా చెప్పేవారికి కొదవ లేదు. కాని ఆ గోటిలో నిజంగా బూజు ఉన్నదా? ఈ ప్రశ్నకు వైద్యులు జవాబు ఎలా రాబడతారో తెలుసుకుందాం.

ముగ్గురు మనుషులు, మూడు గోళ్లు

బెంగుళూరు వెళ్లే రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. మన పాఠం కోసం ఈ మూడు ఊళ్లలో ముగ్గురిని ఊహించుకుందాం.

హిందూపురంలో ఒకామె పట్టుగూళ్లను వేడినీటిలో వేసి దారం తీసే పని చేస్తుంది. రోజంతా ఆమె చేతులు తడిలోనే ఉంటాయి. పెనుకొండ దగ్గర ఒక రైతుకు చాలాకాలంగా కాలివేళ్ల సందుల్లో దురద, పొరలూడటం ఉన్నాయి. ధర్మవరంలో మగ్గం నేసే ఒకాయనకు మోచేతుల మీద, మోకాళ్ల మీద తెల్లని పొలుసులతో ఎర్రని మచ్చలున్నాయి. అది సోరియాసిస్. ముగ్గురికీ ఒక్కో గోరు పసుపుపచ్చగా, మందంగా మారి, వేలి నుండి పైకి లేచింది.

మొదటి ఆమెకు కాండిడా అనే ఈస్టు జాతి శిలీంధ్రం పట్టి ఉండవచ్చు. తడిలో పనిచేసే వారి చేతిగోళ్లకు, గోరుచుట్టుకు అది తరచు కారణమవుతుంది. రైతుకు పట్టినది బహుశా ట్రైకోఫైటాన్ రుబ్రమ్. ఇది తామరను కలిగించే శిలీంధ్రాలలో ఒకటి. గోరు కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఈ శిలీంధ్రానికి ఆ కెరాటినే ఆహారం. ఇక చిక్కంతా మూడవ ఆయనతోనే!

సోరియాసిస్ గోటిని ఏం చేస్తుంది?

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి, చర్మకణాలు అవసరానికి మించిన వేగంతో పుట్టేటట్లు చేస్తుంది. సుమారు నెలరోజులు పట్టవలసిన పని కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. పక్వం కాని కణాలు పొలుసులుగా పేరుకుంటాయి. ఈ వ్యాధి ఉన్నవారిలో దాదాపు సగం మందికి గోళ్లలోనూ మార్పులు కనిపిస్తాయి.

గోరు పుట్టే మూలంలో వ్యాధి ఉంటే, గోటి మీద సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు పడతాయి. గోటి కింద ఉన్న చర్మంలో వ్యాధి ఉంటే, నూనె చుక్క పడినట్లు ఎర్రపసుపు మచ్చ కనిపిస్తుంది. ఈ రెండు గుర్తులూ సోరియాసిస్ వైపే వేలు చూపుతాయి. కాని గోరు మందమెక్కడం, రంగు మారడం, పైకి లేవడం రెండు వ్యాధుల్లోనూ ఉంటాయి. అందుకే అనుభవం గల వైద్యుని కన్ను కూడా ఒక్కొక్కసారి మోసపోతుంది.

అంతేకాదు. సోరియాసిస్ వల్ల లేచిన గోటి కింద ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ తేమ, పొలుసులు చేరతాయి. శిలీంధ్రానికి అంతకంటె అనువైన చోటు ఏముంటుంది? అంటే ఒకే గోటిలో రెండు వ్యాధులూ కలిసి ఉండవచ్చు!

పొరబడితే ఏం నష్టం?

గోటి శిలీంధ్రానికి మాత్రలు సాధారణంగా చేతిగోళ్లకు 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు వాడాలి. వాటి వల్ల కాలేయానికి హాని కలగకుండా వైద్యులు జాగ్రత్త పడతారు. ఎక్కువగా వాడే టెర్బినాఫిన్ మాత్రల వల్ల కొందరిలో సోరియాసిస్ హెచ్చిన సందర్భాలున్నాయి. శిలీంధ్రమే లేనప్పుడు ఈ మందు ఎందుకు?

దీనికి తారుమారుగా, శిలీంధ్రం ఉన్నా గుర్తించక స్టెరాయిడ్ మందులు వాడితే అక్కడి రక్షణశక్తి తగ్గి శిలీంధ్రం విజృంభిస్తుంది. ఇంకొక సంగతి. గోళ్లలో సోరియాసిస్ ఉన్నవారికి కీళ్లవ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. "బూజే కదా" అని ఊరుకుంటే, ఆ హెచ్చరికను చెవిన పెట్టనట్లే.

పట్టుపురుగు నేర్పిన పాఠం

జంతువులలో శిలీంధ్రం రోగాన్ని కలిగిస్తుందని మనిషికి మొదట నేర్పినది పట్టుపురుగే. పురుగు చచ్చి సుద్దముక్కలా తెల్లగా బిగుసుకుపోయే రోగం ఒకటుంది. ఇటలీలో అగస్టీనో బస్సీ దానికి శిలీంధ్రమే కారణమని 1835లో ప్రకటించాడు. 1839లో షోన్‌లైన్ అనే జర్మన్ వైద్యుడు మనిషి తలకు వచ్చే ఒక చర్మవ్యాధిలోనూ శిలీంధ్రాన్ని కనుగొన్నాడు. చూచి ఊహించడం కాదు, వెదికి పట్టుకోవాలన్నదే వారి పద్ధతి. ఇప్పటి పరీక్షలూ ఆ దారిలోనివే.

మూడు పరీక్షలు

ముందుగా గోటిని స్పిరిట్‌తో తుడుస్తారు. తరువాత చెడినభాగం, మంచిభాగం కలిసేచోట గోటి కింది పొడిని గీకి తీస్తారు. బతికి ఉన్న శిలీంధ్రం ఎక్కువగా దొరికేది అక్కడే.

1. సూక్ష్మదర్శిని పరీక్ష: ఆ పొడి మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేస్తారు. ఈ క్షారం కెరాటిన్‌ను కరిగిస్తుంది. శిలీంధ్రపు గోడలో కైటిన్ ఉండటం వల్ల అది నిలిచి, దారపు పోగుల్లా కనిపిస్తుంది.

2. పెంచి చూడటం: పొడిని సబరో అనే ఆహారమాధ్యమం మీద పెంచుతారు. దీనికి 4 వారాల వరకు పట్టవచ్చు. శిలీంధ్రం ఏ జాతిదో ఇందులో తెలుస్తుంది. అయితే గాలిలోని మామూలు బూజు కూడా మొలవవచ్చు కనుక ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి.

3. రంగుల పరీక్ష: గోటి తుంపును పలుచగా కోసి, పి.ఏ.ఎస్. అనే రంగు వేస్తారు. శిలీంధ్రపు పోగులు ముదురు గులాబీరంగులో బయటపడతాయి. సోరియాసిస్ కలిగించిన మార్పులు కూడా ఇందులో కనిపించవచ్చు.

ఫలితాన్ని ఎలా చదవాలి?

ధర్మవరం నేతగాని గోటిలో శిలీంధ్రం దొరికిందనుకోండి. అంతమాత్రాన సోరియాసిస్ లేదని కాదు. వైద్యులు ముందు శిలీంధ్రాన్ని తొలగించి, తరువాత గోరు ఎలా ఎదుగుతున్నదో చూస్తారు. దొరకలేదనుకోండి. ఒక్కసారి దొరకనంత మాత్రాన అసలు లేదని తీర్పు చెప్పరాదు. అనుమానం ఉంటే మళ్లీ పరీక్ష చేయాలి. అంతకుముందే పూతమందు రాసుకుంటే శిలీంధ్రం దాగిపోవచ్చు. కాబట్టి ముందు పరీక్ష, తరువాతనే మందు!

మరొక మాట. శిలీంధ్రం అంటుకుంటుంది కనుక గోళ్లు కత్తిరించే సాధనం ఎవరిది వారికే ఉండాలి. సోరియాసిస్ మాత్రం అంటుకోదు. మీ తరగతిలో ఎవరికైనా అది ఉంటే పక్కనే కూర్చోండి, చేయి కలపండి, కలిసి భోజనం చేయండి.

చేసి చూడండి

బొటనవేలి గోటి మొదట్లో పెన్నుతో చిన్న గీత గీయండి. చెరిగిపోతుంటే అదే చోట మళ్లీ దిద్దండి. నెల తరువాత అది ఎంత ముందుకు జరిగిందో కొలవండి. సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. కాలిగోరు ఇంతకంటె నెమ్మది. (పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది. దానితో మీరు ప్రయోగాలు చేయకండి.)

ఆలోచించండి

1. మందు పూర్తయినా గోరు వెంటనే బాగుపడదు. ఎందువల్ల?
2. క్షారంలో గోరు కరిగినా శిలీంధ్రం ఎందుకు మిగులుతుంది?
3. గోటి మీద గుంటలున్నాయి. ఇక శిలీంధ్ర పరీక్ష అక్కరలేదా?