గాజు కుండలో సూర్యుడు: శీతల సంలీనం లెక్క

విద్యార్థులారా! సూర్యుని గర్భంలో దాదాపు కోటిన్నర డిగ్రీల వేడి దగ్గర జరిగే కేంద్రక సంలీనం, బల్లమీద పెట్టుకున్న ఒక గాజుపాత్రలో జరుగుతుందంటే నమ్ముతారా? 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లీష్‌మన్, స్టాన్లీ పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలాగే ప్రకటించారు. ఇది నిజమైతే సముద్రపు నీటిలోని డ్యుటీరియమే మనకు తరగని ఇంధనం. అందుకే లోకమంతా ఉలిక్కిపడింది.

వారి పరికరం మీకు తెలియనిదేమీ కాదు. మీరు చదువుకున్న విద్యుద్విశ్లేషణే. మామూలు నీటికి బదులు భారజలం. ధనధ్రువం ప్లాటినం తీగ, ఋణధ్రువం పల్లాడియం కడ్డీ. పల్లాడియం హైడ్రోజన్‌ను స్పంజి నీటిని పీల్చినట్టు పీలుస్తుంది. అలా లోపల కిక్కిరిసిన డ్యుటీరియం కేంద్రకాలు కలిసిపోయి వేడి పుట్టిస్తున్నాయని వారి వాదం.

మరి లాభం ఎంత? బయటికి వచ్చిన శక్తిని లోపలికి ఇచ్చిన శక్తితో భాగిస్తే వచ్చేదే లాభం. వినడానికి సులువే. చిక్కంతా ఆ కొలతలో ఉంది. 4 వోల్టుల వద్ద 1 ఆంపియరు విద్యుత్తు పంపామనుకుందాం. ఇచ్చింది 4 వాట్లు. అందులో 1.54 వాట్లు భారజలాన్ని విడగొట్టడానికే ఖర్చయి వాయువులతో బయటికి పోతుంది. మిగిలిన 2.46 వాట్లే పాత్రను వేడి చేస్తుంది. కాని ఆ వాయువులు లోపలే తిరిగి కలిసిపోతే? ఆ 1.54 వాట్లు మళ్ళీ వేడిగా మారి, పాత్రలో 4 వాట్లు కనబడతాయి. ఇది గమనించనివాడు 4ను 2.46తో భాగించి, లాభం 1.6 రెట్లు అని సంబరపడతాడు. నిజానికి లాభం ఒకటే! ఫ్లీష్‌మన్, పాన్స్ తమ పాత్రలో అలా కలవడం చాలా తక్కువన్నారు. కాబట్టి ఈ ఒక్క ప్రశ్నతోనే వారి వాదం కొట్టుకుపోదు. కాని ఎవరైనా మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

ఇక కొలతలు పెంచడం సంగతి. ఒకే పొడవున్న కడ్డీ వ్యాసాన్ని రెట్టింపు చేస్తే ఉపరితలం రెండింతలు, ఘనపరిమాణం నాలుగింతలు అవుతాయి. వారి పట్టికలో 2 మిల్లీమీటర్ల కడ్డీకి అదనపు వేడి 0.036 వాట్లు, 4 మిల్లీమీటర్ల కడ్డీకి 0.153 వాట్లు. అంటే నాలుగింతల పైచిలుకు. వేడి లోహం పైన కాదు, లోపలే పుడుతోందనడానికి దీన్నే వారు ఆధారంగా చూపారు. తెలివైన వాదనే, ఒప్పుకోవాలి. అయితే అదే పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకె, 26.8 వాట్లు, 10 సెంటీమీటర్ల కడ్డీపై కొలిచింది కాదు. 1.25 సెంటీమీటర్ల ముక్కపై కొలిచి 8తో హెచ్చించినది. హెచ్చిస్తే వేడితోపాటు కొలతలోని తప్పు కూడా 8 రెట్లవుతుంది. పైగా ఇచ్చే విద్యుత్తూ అంతే పెరుగుతుంది కనుక, వాట్లు పెరిగినా లాభం అనే నిష్పత్తి వెంట్రుకవాసి కూడా కదలదు!

అసలు దెబ్బ న్యూట్రాన్ల వద్ద తగిలింది. రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిస్తే సుమారు సగంసార్లు న్యూట్రాన్ వెలువడుతుంది. ఆ లెక్కన ఒక్క వాటు సంలీనానికి సెకనుకు దాదాపు 85 వేల కోట్ల న్యూట్రాన్లు రావాలి. 26 వాట్లయితే పక్కన నిలబడ్డవారు బతికేవారు కాదు. వారు చూపినవి వేలల్లోనే, అవీ తరువాత సందేహాలపాలయ్యాయి. ఇదేదో కొత్తరకం కేంద్రక చర్య అని వారు సమర్థించుకున్నారు.

మన బొంబాయిలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలోనూ 1989లోనే ప్రయోగాలు చేసి, న్యూట్రాన్లు, ట్రిటియం కనిపించాయన్నారు. కాని ఎవరు చేసినా, ఎప్పుడు చేసినా వచ్చే ఫలితం మాత్రం ఎక్కడా దొరకలేదు. అమెరికా ఇంధన శాఖ 1989లోనూ, మళ్ళీ 2004లోనూ పరిశీలించి, రుజువు చాలదని తేల్చింది. గూగుల్ ధనసహాయంతో కొన్నేళ్ళు పనిచేసిన శాస్త్రజ్ఞుల బృందానికి కూడా శీతల సంలీనం జాడ కనబడలేదని 2019లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

ఇప్పుడు మీరొక లెక్క చేయండి. 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు పంపారు. వాయువులన్నీ లోపలే కలిసిపోయాయి, మీరది గమనించలేదు. మీకు కనబడే దొంగలాభం ఎన్ని వాట్లు?