కాపలా కుక్కలకు ఇంటి ఆహారం: ఉల్లి, చింతపండు విషయంలో జాగ్రత్తలు

పొలాలకు, పశువుల కొట్టాలకు కాపలా ఉండే కుక్కలకు ఇంట్లో మిగిలిన అన్నమే ప్రధాన ఆహారం. ఉప్పుకారాలు లేని అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకలు లేని మాంసం వాటికి హాని చేయవు. ప్రమాదం అన్నంలో కలిపే కూర, పులుసులలో ఉంది.

ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాలను ఆక్సీకరణకు గురిచేస్తాయి. కణాలు విచ్ఛిన్నమై రక్తహీనత ఏర్పడుతుంది. కిలో శరీర బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి ఇందుకు చాలు. అంటే 10 కిలోల కుక్కకు 150 గ్రాములు, సుమారు రెండు మధ్యరకం గడ్డలు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా విషగుణం పోదు. నీరసం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం వంటి లక్షణాలు కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి. అందువల్ల అసలు కారణం తరచుగా మరుగున పడుతుంది.

ద్రాక్ష తిన్న కొన్ని కుక్కలలో మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇందుకు టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చునని పశువైద్య పరిశోధకులు 2021లో ప్రతిపాదించారు. చింతపండులోనూ ఈ ఆమ్లం అధికం. అది తిన్న కుక్కలలోనూ ఇదే హాని నమోదైంది. సురక్షిత మోతాదు నిర్ధారణ కాలేదు కనుక పులుసు, సాంబారు పెట్టరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతు కుటుంబాలకు రెండు సూచనలు చేయాలి. కూర కలపకముందే కుక్కకు పెట్టే అన్నాన్ని వేరుగా తీయాలి. ఉల్లి పంటలో ఏరివేసిన గడ్డలను కుక్కలకు అందకుండా గుంతలో పూడ్చాలి. ఇవి తిన్నట్లు తెలిస్తే లక్షణాల కోసం వేచి ఉండక వెంటనే పశువైద్యుని సంప్రదించాలి.