గుంపుకు ముందు అమ్మమ్మ

చెల్లెళ్లూ, ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి. మొన్న మా చిన్న తోటికోడలు ఫోన్ చేసింది. నెలసరి ఆగిపోయి ఏడాదయిందట. "ఇంకేముంది అక్కా, నా పని అయిపోయినట్టే" అంది. రెండు రోజులు ఆ మాటే నా చెవిలో మోగింది. మూడో రోజు నేనే ఫోన్ చేసి ఓర్కాల ముచ్చట చెప్పాను. మీకూ చెబుతాను, వినండి.

ఓర్కా అంటే ఆ నలుపు తెలుపు సముద్రజీవి. కిల్లర్ వేల్ అంటారు గానీ అది డాల్ఫిన్ల కుటుంబానిదే. అమెరికా, కెనడాల పడమటి తీరంలో, వాంకూవర్ దీవి చుట్టుపక్కల నీళ్లలో తిరిగే కొన్ని ఓర్కా కుటుంబాలను పరిశోధకులు 1970ల నుంచి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి లెక్క రాస్తున్నారు. వీపు మీది రెక్క గాట్లూ, దాని వెనక బూడిదరంగు మచ్చా చూసి ఎవరెవరో చెప్పేస్తారు. ఏ తల్లికి ఏ బిడ్డ పుట్టింది, ఎవరు ఎప్పుడు కనిపించకుండా పోయారు, అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి.

ఆడ ఓర్కాకు దాదాపు నలభై ఏళ్లకు కాన్పులు ఆగిపోతాయి. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు బతుకుతుంది. ఎనభై దాకా బతికేవీ ఉన్నాయి. జంతువుల్లో ఇది చాలా అరుదమ్మా. మనలాగా ఇలా బతికే జీవులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ముసలమ్మ ఏం చేస్తుందనుకున్నారు? గుంపుకు ముందు ఈదుతుంది! 2015లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అందులోనూ వాళ్ల ముఖ్య ఆహారమైన చినూక్ సాల్మన్ చేపలు కరువైన ఏడాదిలో దారి చూపేది ఎక్కువగా ఆమే. ఎన్ని కరువులు దాటి వచ్చిందో కదా, చేప ఎప్పుడు ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలిసి ఉంటుందని పరిశోధకుల ఆలోచన.

అక్కడ కొడుకైనా కూతురైనా అమ్మను వదిలి వెళ్లరు. మగవాడు వేరే కుటుంబపు ఆడదానితో జతకట్టి మళ్లీ అమ్మ పక్కకే వచ్చేస్తాడు. పట్టిన చేపను తల్లి రెండు ముక్కలు చేసి అంత పెద్ద కొడుక్కీ పెడుతుంది. ముప్పై దాటిన కొడుక్కి తల్లి పోతే, ఆ తర్వాతి ఏడాదిలో వాడూ పోయే ప్రమాదం 14 రెట్లు పెరుగుతుందని 2012లో లెక్కగట్టారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అమ్మమ్మ పోయిన రెండేళ్లలోపు మనవలు చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లట.

మరి కాన్పులు ఎందుకు ఆగాలి? మా నాయనమ్మ కాలంలో తల్లీకూతుళ్లకు ఒకే ఏడాది పురుళ్లు జరిగిన ఇళ్లుండేవి. ఓర్కాల్లో అలా ఇద్దరూ ఒకే సమయంలో కంటే, బతకలేకపోయేది ఎక్కువగా పెద్దామె బిడ్డే. అందుకే ఆమె కనడం మానేసి, ఉన్నవాళ్లను సాకుతుందన్నమాట.

వాళ్లలో ఒకామెకు గ్రానీ అని పేరు పెట్టారు. తల్లి చనిపోయిన ఒక మగ ఓర్కా తన గుంపు వదిలేసి, కొన్నేళ్లకు ఈ గ్రానీ పక్కన చేరాడు. సొంత మనవడు కాదు, ఆ గుంపువాడే కాదు. అయినా ఆమెతోనే ఈదేవాడు. 2016 అక్టోబరు తర్వాత గ్రానీ ఎవరికీ కనిపించలేదు.

ఇంతవరకూ చెప్పేసరికి అవతల మా తోటికోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది: "ఆ పిల్లాడు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడక్కా?"