వీధి కుక్కలు – మన జాగ్రత్తలు, మన బాధ్యత

మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఊళ్ళో ఏ కుక్క ఎవరి వాకిట్లో పడుకుంటుందో, ఏది కరుస్తుందో వాడకట్టంతటికీ తెలుసు. హైదరాబాదులో అలా కాదు. లైబ్రరీ నుంచో, పార్ట్‌టైం పని నుంచో రాత్రి పది దాటాక నడిచివస్తుంటే సందు మలుపులో ఐదారు కుక్కలు ఎదురవుతాయి. కారులో తిరిగేవారికి ఈ భయం లేదు. నడిచేవారికి, తెల్లవారుజామున రోడ్లు ఊడ్చేవారికి, వాచ్‌మన్ల పిల్లలకు ఉంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కల దాడిలో చనిపోయిన నాలుగేళ్ళ బాబు తండ్రి పనిచేసే చోటికి వెళ్ళినవాడే. కాబట్టి ఇది మనం తప్పక నేర్చుకోవలసిన పాఠం.

కుక్కలు ఎందుకు చేరతాయి?

తిండి దొరికే చోటికే కుక్కలు వస్తాయి. చికెన్ షాపుల వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ళ విస్తళ్ళు, నిండిపోయిన చెత్తకుండీలు వాటికి ఆధారం. మెస్ వెనక పారబోసే అన్నమూ అంతే. ఒక గుంపును పట్టుకుపోయినా తిండి అక్కడే ఉంటే పక్క వీధి కుక్కలు ఆ చోటులోకి వస్తాయి.

అందుకే 2001 నాటి కేంద్ర నిబంధనలు గానీ, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు గానీ కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలని చెప్పాయి. ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల విషయంలో వేరుగా ఆదేశించింది. అక్కడి కుక్కలను ఆపరేషన్, టీకా తరువాత షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలరాదని చెప్పింది.

ఎదురైనప్పుడు

పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. చేతులు కిందికి ఉంచి, దాని కళ్ళలోకి చూడకుండా నిలబడి, మెల్లగా వెనక్కి జరగాలి. కింద పడితే ముడుచుకుని మెడను, చెవులను చేతులతో కప్పుకోవాలి. తింటున్న కుక్క దగ్గరికి, పిల్లలున్న తల్లి కుక్క దగ్గరికి పోకూడదు. రాళ్ళు విసరడం వల్ల ఆ కుక్క రేపు వచ్చే మనిషి మీద పడుతుంది.

కరిస్తే

రేబిస్ క్రిమి గాయం నుంచి నరాల గుండా మెదడుకు చేరుతుంది. నీళ్ళను చూసి భయపడే దశ వచ్చాక బతకడం దాదాపు అసాధ్యం. కానీ వెంటనే జాగ్రత్తపడితే పూర్తిగా నివారించవచ్చు.

1. గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు.

2. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాలి. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి అందరికీ తెలిసినదే. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. అడిగి వేయించుకోవాలి.

3. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజును సున్నాగా లెక్కించి 3, 7, 28వ రోజుల్లో కూడా వేసుకోవాలి. కండకు ఇచ్చేదైతే 14వ రోజు కూడా ఉంటుంది. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు. బొడ్డు చుట్టూ వేసే సూదులు ఇప్పుడు లేవు.

చిన్న గీరుడైనా, పెంపుడు కుక్కయినా, పిల్లయినా, కోతయినా ఇదే పద్ధతి. చెవి కత్తిరించిన కుక్క కరిచినా ఆస్పత్రికి పోవాల్సిందే. టీకా బలం కొంతకాలమే ఉంటుంది.

మన బాధ్యత

తమ్ముళ్ళారా, వార్డెన్ సార్ తిడతారని, పరీక్ష పోతుందని, ఆటో ఛార్జీలు దండగని కాటును దాచకండి. చిన్న తరగతుల పిల్లలు దాస్తే పెద్దవాళ్ళు అడిగి తెలుసుకుని వెంట తీసుకెళ్ళండి. మెస్‌లో మిగిలిన అన్నాన్ని మూత ఉన్న డబ్బాలో వేయిద్దాం. ఆపరేషన్ కాని కుక్కలుంటే నగరపాలక సంస్థకు అర్జీ పెడదాం.

సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మరొక పని ఉంది. ఇప్పటికీ కుక్క కాటుకు మంత్రం వేయించేవారు, పసరు పోయించేవారు మన వాడల్లో ఉన్నారు. మన ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మనమే. డాక్టరు చీటీ చదివి, ఏ తారీకున ఏ సూదో అమ్మకు చెప్పగలిగేది మనమే. ఆ నాలుగు తారీకులు ఇంటి గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టి రండి.